ఒకే ఎర్రర్, తొమ్మిది రోగాలు: రైస్ మిల్లు కాంటా సాఫ్ట్‌వేర్‌లో ఫైల్ సందేశాలను బాగుచేసిన తీరు

మిర్యాలగూడ పక్కన ఒక పారాబాయిల్డ్ రైస్ మిల్లు. గేటు దగ్గర కాంటా గది, అందులో వేబ్రిడ్జి ఇండికేటర్‌కు కలిపిన విండోస్ కంప్యూటర్. వడ్ల లారీ లోపలికి వచ్చేటప్పుడు ఒక తూకం, దించి బయటికి పోయేటప్పుడు ఇంకో తూకం. రెండూ అయ్యాక కాంటా సాఫ్ట్‌వేర్ ఆ షిఫ్టు సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక) ఫైల్‌లో ఒక వరుస చేరుస్తుంది. స్లిప్ నంబర్, లారీ నంబర్, కొనుగోలు కేంద్రం, ట్రక్ షీట్ నంబర్, గ్రాస్ (లోడు లారీ), టేర్ (ఖాళీ లారీ), నెట్ (వడ్ల బరువు), తేమ శాతం, సంచులు అని మొత్తం తొమ్మిది కాలమ్‌లు. షిఫ్టు ముగిశాక ఆఫీసు గదిలోని ఇంకో ప్రోగ్రామ్ షేర్డ్ ఫోల్డర్ నుంచి ఆ ఫైల్ చదివి, స్లిప్పులను డేటాబేస్‌లోకి ఎక్కించి, ఫైల్‌ను ‘పూర్తయినవి’ అనే ఫోల్డర్‌లోకి జరుపుతుంది. ఈ రెండో ప్రోగ్రామ్ పైథాన్ భాషలో రాసింది. ఈ కేసు దాని గురించే.

యాసంగి కోతలు మొదలై లారీలు వరుస కట్టాక సపోర్ట్ ఫోన్‌కు వచ్చే మాట ఎప్పుడూ ఒకటే.

‘సార్, ఫైల్ ఓపెన్ గాలే అంటుంది.’
‘ఏ ఫైలు అన్నా?’
‘అది చెప్తలేదు సార్. అడ్మిన్‌ను సంప్రదించమంటుంది.’

తెర మీద ఉన్నది నిజంగా అంతే: ‘ఫైల్ తెరవడంలో లోపం. అడ్మిన్‌ను సంప్రదించండి.’ కోడ్‌లో చూస్తే ఫైల్ వెతకడం, తెరవడం, చదవడం, కాలమ్‌లు సరిచూడడం, డేటాబేస్‌లో రాయడం, ఫైల్ జరపడం, అన్నీ ఒకే ట్రై బ్లాక్‌లో (తప్పు రావచ్చనుకునే పనులు రాసే చోటు) ఉన్నాయి. కింద ఒకే ఎక్సెప్ట్ (తప్పు వస్తే ఏం చేయాలో రాసే చోటు). ఎక్కడ ఏం తెగినా అన్నింటినీ ఒకే గాటన కట్టి అదే వాక్యం చూపిస్తుంది. పైథాన్ ఇచ్చిన అసలు ఎర్రర్ లాగ్‌లోకి (జరిగినవి రాసిపెట్టే ఫైల్) కూడా పోవడం లేదు. ప్రోగ్రామ్‌కు ఏ ఫైలో తెలుసు, ఏ పని చేస్తుండగా ఆగిందో తెలుసు, విండోస్ ఏ నంబర్ ఇచ్చిందో తెలుసు. తెలిసిన మూడింటినీ పారేసి, తెలియని అడ్మిన్ దగ్గరికి పంపుతోంది.

అన్నింటికంటే ఖరీదైన తప్పు ‘తెరవడంలో’ అన్న క్రియలో ఉంది. కాంటా ఆపరేటర్ షిఫ్టు లెక్క చూసుకోవడానికి సీఎస్‌వీని ఎక్సెల్‌లో తెరిచి అలాగే వదిలేస్తాడు. ఎక్సెల్ తెరిచి ఉంచిన ఫైల్‌ను ఇంకో ప్రోగ్రామ్ చదవగలదు. పేరు మార్చడం, జరపడం మాత్రం విండోస్ ఒప్పుకోదు. అంటే మన ప్రోగ్రామ్ ఫైల్ తెరిచింది, చదివింది, స్లిప్పులన్నీ డేటాబేస్‌లో ఎక్కించింది, చిట్టచివర జరిపే దగ్గర ఆగింది. తెర మీద మాత్రం ‘తెరవడంలో లోపం’. అది చదివినవాళ్లు ఏం చేస్తారు? ఫైల్ పాడైందనుకుని కాంటా గది నుంచి పెన్‌డ్రైవ్‌లో కాపీ తెచ్చి, కొంచెం పేరు మార్చి, మళ్లీ ఎక్కిస్తారు. గ్రాస్ 24,680 కిలోలు, టేర్ 8,940, నెట్ 15,740 ఉన్న లారీ రెండుసార్లు పడుతుంది. స్టాకులో 157.40 క్వింటాళ్ల లేని వడ్లు కనిపిస్తాయి. బియ్యం అప్పజెప్పే లెక్క ఈ అంకె మీదే నడుస్తుంది కాబట్టి తేడా ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది, అప్పటికి ఏ షిఫ్టులో జరిగిందో పట్టుకోవడం గగనం. స్లిప్ నంబర్, తేదీ కలిపి యూనిక్ కీ (ఒకే జంటను రెండోసారి పడనివ్వని కట్టుబాటు) పెట్టడం వేరే మందు, అదీ వేశాం. కానీ మనిషిని రెండోసారి ఎక్కించేలా చేసింది మాత్రం ఆ సందేశమే.

మొదటి మార్పు ఇక్కడే. ఒక పెద్ద ట్రైని ఆరు చిన్న ముక్కలు చేసి, ప్రతి ముక్కకు దాని క్రియను ఇచ్చాం: వెతకడం, తెరవడం, చదవడం, సరిచూడడం, ఎక్కించడం, జరపడం. ఎర్రర్ వస్తే అసలు ఎక్సెప్షన్‌ను (పైథాన్ లేవనెత్తే ఎర్రర్) మింగకుండా మన సొంత ఎక్సెప్షన్‌కు ‘రెయిజ్ ఫ్రమ్’ తో తగిలించి పైకి పంపాలి. అప్పుడు లాగ్‌లో రెండూ ఉంటాయి. జరపడం విఫలమైనప్పుడు ఇప్పుడు తెర మీద వచ్చేది ఇది:

స్లిప్పులు అన్నీ ఎక్కాయి. ఫైల్‌ను ‘పూర్తయినవి’ లోకి జరపడం మాత్రం కుదరలేదు.
ఫైల్: కాంటా కంప్యూటర్, స్లిప్పులు ఫోల్డర్, షిఫ్టు-బి 12-04 సీఎస్‌వీ.
విండోస్ చెప్పింది: ఈ ఫైల్‌ను ఇంకో ప్రోగ్రామ్ వాడుతోంది, నంబర్ 32.
కాంటా గదిలో ఈ ఫైల్ ఎక్సెల్‌లో తెరిచి ఉందేమో చూసి మూసేయండి, తర్వాత ‘మళ్లీ జరుపు’ నొక్కండి. ఫైల్‌ను మళ్లీ ఎక్కించొద్దు.
ఫోన్‌లో చెప్పాల్సింది: జరపడం-32.

మొదటి వాక్యం ఏం చెబుతుందో గమనించండి. ఏం చెడిందో చెప్పే ముందు ఏం చెడలేదో చెప్పాలి. డబ్బుతో, తూకంతో ముడిపడ్డ ప్రోగ్రామ్‌లో వాడేవాళ్లకు ముందు కావాల్సిన జవాబు అదే: నా స్లిప్పులు ఎక్కాయా, లేదా? చివరి వరుస ఫోన్ కోసం. లారీల హారన్ల మధ్య పొడుగాటి దారి చదివి వినిపించడం ఎవరివల్లా కాదు. ఒక మాట, ఒక నంబర్ అయితే తప్పు పోదు.

ఫైల్‌ను ఎవరు పట్టుకున్నారో ప్రోగ్రామే చెప్పగలిగితే ఇంకా మంచిది. విండోస్‌లో రీస్టార్ట్ మేనేజర్ అనే సదుపాయం విస్టా నుంచీ ఉంది. సెషన్ మొదలుపెట్టి, ఫైల్ దారి ఇచ్చి, జాబితా అడిగితే దాన్ని పట్టుకున్న ప్రోగ్రామ్ పేరు, ప్రాసెస్ నంబర్ ఇస్తుంది. కాకపోతే అది అదే కంప్యూటర్‌లోని ప్రోగ్రామ్‌లనే చూస్తుంది. మన ఫైల్ ఉన్నది కాంటా కంప్యూటర్‌లో, ప్రోగ్రామ్ నడిచేది ఆఫీసులో. అందుకే పై సందేశంలో ‘ఎక్సెల్ పట్టుకుంది’ అని ఖాయంగా అనకుండా చూడమని మాత్రమే అన్నాం. సపోర్ట్‌కు వెళ్లినవాళ్లు కాంటా కంప్యూటర్‌లో కంప్యూటర్ మేనేజ్‌మెంట్ తెరిచి, షేర్డ్ ఫోల్డర్స్ కింద ఓపెన్ ఫైల్స్ చూస్తే నెట్‌వర్క్ మీదుగా తెరిచినవి కనిపిస్తాయి. అదే కంప్యూటర్‌లో తెరిచినవి రిసోర్స్ మానిటర్‌లో సీపీయూ ట్యాబ్ కింద, హ్యాండిల్స్ వెతికే గడిలో ఫైల్ పేరు కొడితే వస్తాయి.

32 వచ్చినప్పుడు మాత్రమే చిన్న విరామాలతో అయిదుసార్లు మళ్లీ ప్రయత్నిస్తుంది. కొత్తగా పడిన ఫైల్‌ను యాంటీవైరస్ ఒకట్రెండు క్షణాలు పట్టుకోవడం మామూలే, దానికి మనిషిని పిలవాల్సిన పని లేదు. అనుమతి లేదనే 5 కు మాత్రం మళ్లీ ప్రయత్నాలు లేవు. ఎన్నిసార్లు అడిగినా రాని అనుమతి ఆరోసారి రాదు.

ఇక ‘పర్మిషన్ డినైడ్’. పైథాన్‌లో ఎర్నో (ఎర్రర్ నంబర్) 13. విండోస్ మీద దీన్ని ఉన్నదున్నట్టు నమ్మితే మునిగినట్టే. నిజంగా అనుమతి లేకపోయినా 13. ఎక్సెల్ పట్టుకున్న ఫైల్‌లో రాయబోయినా 13. రీడ్ ఓన్లీ టిక్ ఉన్న ఫైల్‌లో రాయబోయినా 13. ఫైల్ అనుకుని పొరపాటున ఫోల్డర్‌ను తెరవబోయినా, లైనక్స్‌లో అయితే 21 వచ్చి ‘ఇది డైరెక్టరీ’ అంటుంది, విండోస్‌లో మళ్లీ 13. పైగా జరపడం, తొలగించడం లాంటి పనులకు ఎక్సెప్షన్‌లో విండోస్ సొంత నంబర్ కూడా వస్తుంది గానీ మామూలు ఓపెన్‌కు అది రాదు. కాబట్టి 13 వచ్చాక ప్రోగ్రామ్ తనే నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి: ఇది ఫోల్డరా, రీడ్ ఓన్లీనా, చదవడానికైనా తెరుచుకుంటుందా, ఏ యూజర్ ఖాతాతో నడుస్తున్నాం? జవాబులు సందేశంలోకి.

ఈ పరీక్షలన్నీ ఫైల్ తెరవడం ఫెయిల్ అయ్యాకే చేయాలి. ముందుగా ‘ఫైల్ ఉందా’ అని అడిగి, లేదంటే ‘ఫైల్ లేదు’ అని రాయడం చాలా కోడ్‌లలో కనిపించే అలవాటు. పైథాన్ ఎగ్జిస్ట్స్ ఫంక్షన్ ఫైల్ లేకపోయినా ఫాల్స్ అంటుంది, ఉండి కూడా ఆ ఫోల్డర్‌లోకి చూసే అనుమతి లేకపోయినా ఫాల్స్ అంటుంది. కళ్లెదుట ఉన్న ఫైల్‌ను లేదని చెప్పే సందేశం అలా పుడుతుంది. నేరుగా తెరవండి, ఫెయిల్ అయితే అప్పుడు ఆరా తీయండి. ఆరా తీసే కోడ్‌కు మళ్లీ సొంత ట్రై ఉండాలి. లేకపోతే తీగ తెగిన నెట్‌వర్క్ డ్రైవ్‌లో ఆరా తీయబోయి అదీ పడిపోయి, మొదటి ఎర్రర్‌ను కప్పేస్తుంది.

‘దొరకలేదు’ అనే ఎర్నో 2 విషయంలో బాగా పనికొచ్చిన ఉపాయం ఒకటుంది. దారి మొత్తం చెప్పి ఊరుకోకుండా, ఎంతవరకు ఉందో చెప్పడం. కింది నుంచి పైకి ఒక్కో మెట్టు ఎక్కుతూ ఉన్న చోట ఆగాలి. ‘డి డ్రైవ్ ఉంది, అందులో కాంటా ఫోల్డర్ ఉంది, దానిలో యాసంగి అనే ఫోల్డర్ లేదు. ఉన్నవి: యసంగి, వానాకాలం.’ ఇలా కనిపిస్తే ఫోన్ చేసే అవసరమే రాదు. దగ్గరి పేర్లు వెతకడానికి పైథాన్‌లోనే డిఫ్‌లిబ్ ఉంది, ఎన్ని కావాలో చెప్పకపోతే మూడు పేర్ల వరకు ఇస్తుంది, అవి చాలు. పేరును ఎప్పుడూ కొటేషన్ గుర్తుల మధ్య చూపించాలి. చివర ఖాళీ ఉంటే అప్పుడే కనపడుతుంది. విండోస్ ఎక్స్‌టెన్షన్లు దాచి చూపించే మిషన్‌లో చేత్తో పేరు మారిస్తే చివర సీఎస్‌వీ రెండుసార్లు పడటం కూడా అలాగే బయటపడింది.

ఆపరేటర్‌కు కనిపించి ప్రోగ్రామ్‌కు కనిపించని ఫైల్ మరో రకం. పని తనంతట తానే నడవాలని దాన్ని టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టారు, యూజర్ లాగిన్ అయినా కాకపోయినా నడిచేలా. షేర్డ్ ఫోల్డర్‌ను జెడ్ డ్రైవ్ అని మ్యాప్ చేసుకున్నది ఆ యూజర్ తెర ముందు లాగిన్ అయిన సెషన్‌కు చెందింది. షెడ్యూలర్ సెషన్‌లో జెడ్ అనేదే లేదు. ఇంకో చిక్కు, ‘స్టార్ట్ ఇన్’ గడి ఖాళీగా వదిలేస్తే పని మొదలయ్యే ఫోల్డర్ విండోస్ లోపలి సిస్టమ్32. సగం దారి మాత్రమే రాసిన ఫైల్ పేర్లన్నీ అక్కడ వెతుక్కుంటాయి. సందేశంలో పూర్తి దారి, యూజర్ ఖాతా, పని మొదలైన ఫోల్డర్ అనే మూడు ముక్కలు చేర్చగానే ఈ రెండూ ఒక్క చూపులో తేలిపోయాయి. మందు: డ్రైవ్ అక్షరం మానేసి, కంప్యూటర్ పేరుతో మొదలయ్యే నెట్‌వర్క్ దారి రాయడం.

ఫైల్ తెరుచుకుని లోపల చదవలేకపోవడం తెలుగు డేటాతో పనిచేసేవాళ్లకు ప్రత్యేకమైన తలనొప్పి. కొనుగోలు కేంద్రం కాలమ్ తెలుగులో ఉంటుంది. దేవరకొండ, కోదాడ ఉన్న ఫైల్ ఎక్కుతోంది, చండూరు, నకిరేకల్ ఉన్నది ఆగిపోతోంది. ఊళ్ల మీద పగ ఏమీ లేదు. ఓపెన్‌లో ఎన్‌కోడింగ్ (బైట్లను అక్షరాలుగా చదివే పద్ధతి) చెప్పకపోతే విండోస్ మీద పైథాన్ 3.14 వరకు సిస్టమ్ కోడ్ పేజీ (విండోస్ పాత అక్షర పట్టిక) తీసుకుంటుంది, ఆ మిషన్‌లో అది 1252. ఫైల్ రాసింది మాత్రం యూటీఎఫ్-8లో, అందులో తెలుగు అక్షరం మూడు బైట్లు. హెక్స్ (పదహారు అంకెల) లెక్కలో పొల్లు గుర్తు మూడో బైటు 8డి, ఉకార గుర్తు మూడో బైటు 81. ఈ రెండు బైట్లకూ 1252లో పైథాన్ ఏ అక్షరమూ కేటాయించలేదు, కాబట్టి అక్కడ ఎర్రర్. దేవరకొండలో పొల్లు లేదు, ఉకారం లేదు. అది ఎర్రర్ లేకుండా లోపలికి పోయి, తల మీద గీత ఉన్న ‘ఎ’, పక్కన డిగ్రీ గుర్తు వరసగా ఉండే చెత్తగా డేటాబేస్‌లో కూర్చుంది. ఆగిపోయిన ఫైలే నయం అనాలి.

ఇక్కడ సందేశంలో చెప్పాల్సినవి: ఎన్నో వరుస, ఏ కాలమ్, ఏ బైటు, ఏ ఎన్‌కోడింగ్‌తో చదివాం. పైథాన్ ఇచ్చే ‘పొజిషన్’ అంకెను యథాతథంగా చూపించొద్దు. ఫైల్‌ను ముక్కలుగా చదివేటప్పుడు ఆ అంకె ముక్క మొదటి నుంచి లెక్క, ఫైల్ మొదటి నుంచి కాదు. షిఫ్టు ఫైల్ చిన్నదే కాబట్టి మొత్తం బైట్లుగా చదివి, ఒకేసారి డీకోడ్ చేసి, తప్పు బైటుకు ముందున్న కొత్త వరుస గుర్తులు లెక్కపెడితే వరుస నంబర్ సరిగ్గా వస్తుంది.

అదే కుటుంబంలోది బీఓఎమ్ (బైట్ ఆర్డర్ మార్క్), ఫైల్ మొదట్లో ఉండే కనిపించని గుర్తు. ఎక్సెల్‌లో ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’గా సేవ్ చేస్తే ఫైల్ మొదట్లో ఈఎఫ్, బీబీ, బీఎఫ్ అనే మూడు బైట్లు చేరతాయి. మామూలు యూటీఎఫ్-8గా చదివితే అవి మొదటి కాలమ్ పేరుకు అంటుకుంటాయి. ‘స్లిప్ నంబర్ కాలమ్ లేదు’ అని సందేశం, ఫైల్ తెరిచి చూస్తే ఎదురుగా స్లిప్ నంబర్. కావాల్సిన కాలమ్ పేరు ఒక్కటే చెప్పకుండా దొరికిన పేర్లను కూడా, కనిపించని అక్షరాలు బయటపడేలా ఆస్కీ ఫంక్షన్ గుండా పంపి లాగ్‌లో పెట్టాక ఇది దాగలేదు. చదివేటప్పుడు ఎన్‌కోడింగ్ ‘యూటీఎఫ్-8-సిగ్’ అని ఇస్తే బీఓఎమ్ ఉన్నా లేకపోయినా నడుస్తుంది.

ఫైల్ పేరే తెలుగులో ఉంటే ఇంకో రెండు ఉచ్చులు. ‘రైతులు’ లోని ఐత్వం యూనికోడ్‌లో రెండు రకాలుగా నిలబడగలదు: ఒకే గుర్తుగా 0సి48, లేదా 0సి46, 0సి56 జంటగా. తెర మీద తేడా సున్నా. పాత మ్యాక్‌ల ఫైల్ సిస్టమ్ జంటగానే దాచేది, అలాంటి చోట నుంచి వచ్చిన కాపీ పేరు మన కోడ్‌లోని పేరుతో కలవదు. కీబోర్డ్ యాప్‌లు చొప్పించే 200సి అనే కనిపించని విడదీత గుర్తూ అంతే. దగ్గరి పేరు దొరికినా కంటికి ఒకేలా ఉంటే లాగ్‌లో కోడ్ పాయింట్లు (ఒక్కో గుర్తుకు యూనికోడ్ ఇచ్చిన నంబర్లు) రాయిస్తున్నాం. రెండో ఉచ్చు పొడుగు. లైనక్స్‌లో ఫైల్ పేరు హద్దు 255 బైట్లు, అంటే తెలుగులో 85 కోడ్ పాయింట్లు, గుణింతాలు, ఒత్తులు కలిపి. విండోస్‌లో ఇబ్బంది లేకుండా సేవ్ అయిన పొడుగు పేరు లైనక్స్ మీద నడిచే బ్యాకప్ బాక్స్‌లో ఎర్నో 36 తో ఆగుతుంది. ‘పేరు పొడుగైంది’ అని చెప్పి ఊరుకోకుండా, ఎంత ఉంది, ఎంత వరకు చెల్లుతుంది అని రెండు అంకెలూ ఇవ్వాలి.

కరెంటు పోవడం గురించి వేరే చెప్పాలా? రాస్తుండగా పోతే ఫైల్ సున్నా బైట్లుగానో, సరైన సైజులో ఉండి లోపలంతా సున్నా బైట్లతోనో మిగలొచ్చు. లేదా చివరి వరుసలో తొమ్మిదికి నాలుగే కాలమ్‌లు ఉంటాయి. అందుకే లాగ్‌లో ఫైల్ సైజు, చివరిగా మారిన సమయం, మొదటి 16 బైట్లు తప్పకుండా పడతాయి. తెరపై సందేశం: ‘చివరి వరుస అసంపూర్ణంగా ఉంది. కాంటా ఇంకా రాస్తూ ఉండవచ్చు, లేదా మధ్యలో కరెంటు పోయి ఉండవచ్చు. ఒక్క స్లిప్ కూడా ఎక్కించలేదు.’ ఇక్కడ రెండు కారణాలూ చెప్పి ఏదీ ఖాయం చేయలేదు. ఒకటే ఊహించి రాస్తే, ఊహ తప్పిన రోజు అసలు సందేశం లేకపోవడం కంటే ఎక్కువ చెరుపు చేస్తుంది. కాంటా వైపు కూడా సరిచేయాలి: తాత్కాలిక పేరుతో రాసి, ఎఫ్‌సింక్‌తో డిస్కుకు చేర్చి, ఆ తర్వాతే అసలు పేరుకు మార్చడం.

పెన్‌డ్రైవ్ నిండిపోయినప్పుడు వచ్చే ఎర్నో 28 లో ఒక మెలిక ఉంది. ఓపెన్‌లో వచ్చే ఎక్సెప్షన్ ఫైల్ పేరు మోసుకొస్తుంది. రైట్‌లో, ఫ్లష్‌లో, క్లోజ్‌లో వచ్చేది మోసుకురాదు, ‘డిస్కులో చోటు లేదు’ అంటుంది గానీ ఏ డిస్కో చెప్పదు. బఫర్ (డిస్కుకు పోయే ముందు డేటా ఆగే చోటు) వల్ల రైట్ దగ్గర రావాల్సిన ఎర్రర్ క్లోజ్ దగ్గర కూడా తేలొచ్చు. పేరు మనమే తగిలించాలి, పైథాన్ 3.11 నుంచి యాడ్ నోట్ అనేది ఇందుకు పనికొస్తుంది. సీ భాషలో రాసేవాళ్లకు ఇంకో జాగ్రత్త: ఎర్నోను ముందు ఒక వేరియబుల్‌లో దాచుకుని ఆ తర్వాతే లాగ్ రాయండి. లాగ్ రాసే ఫంక్షనే దాన్ని మార్చేయగలదు.

లాగ్‌లో వరుసను మొత్తంగా కక్కొద్దు. స్లిప్ ఫైల్‌లో పెద్దగా ఏమీ లేకపోయినా, ఇదే కోడ్ రైతుల జాబితా కూడా చదువుతుంది. అందులో బ్యాంకు ఖాతా, ఆధార్ నంబర్లు ఉంటాయి, లాగ్ ఫైల్ వాట్సాప్‌లో తిరుగుతుంది. వరుస నంబర్, కాలమ్ పేరు, విలువ పొడుగు సరిపోతాయి. జాబితా ఫైల్‌కు ఆ మొదటి 16 బైట్లు కూడా ఆపేశాం.

సందేశాలకూ టెస్టులు కావాలి. ‘చెడ్డ ఫైళ్లు’ అని ఒక ఫోల్డర్ పెట్టి, బీఓఎమ్ ఉన్నది, సున్నా బైట్లది, సగం వరుసది, 1252లో సేవ్ చేసింది, చివర ఖాళీ ఉన్న పేరు, సీఎస్‌వీ పేరుతో ఉన్న ఫోల్డర్, ఇలా ఒక్కోటి చేర్చాం. చివర ఖాళీ ఉన్న పేరును విండోస్ మామూలుగా సేవ్ చేయనివ్వదు, కత్తిరించేస్తుంది, అందుకని ఆ ఒక్కదాన్ని లైనక్స్‌లో తయారుచేయాలి. ఎర్రర్ వచ్చిందా అని మాత్రమే చూస్తే చాలదు. సందేశంలో సరైన క్రియ, ఫైల్ పేరు, నంబర్ ఉన్నాయా అని టెస్టు చూడాలి. డిస్కు నిండడం పరీక్షించడానికి లైనక్స్‌లో డెవ్ కింద ఫుల్ అనే పరికరం ఉంది, దానిలో ఏం రాసినా 28 వస్తుంది. అనుమతుల టెస్టును కంటెయినర్‌లో రూట్‌గా (అన్ని అనుమతులూ ఉన్న లైనక్స్ ఖాతా) నడిపితే మోసపోతారు, రూట్‌కు చదివే అనుమతి తీసేసినా ఫైల్ తెరుచుకుంటుంది, టెస్టు ఏమీ పరీక్షించకుండా ఊరుకుంటుంది.

ఇంకా కుదరనిది ఒకటి మిగిలింది. ఎజెక్ట్ చేయకుండా పెన్‌డ్రైవ్ లాగేస్తే, కాపీ పూర్తయిందని చూపించిన ఫైల్ కూడా అవతల సగమే ఉండొచ్చు. ఆ క్షణంలో ప్రోగ్రామ్‌కు ఏ ఎర్రరూ రాదు, చూపించడానికి సందేశమూ ఉండదు. ప్రస్తుతానికి షిఫ్టు ఫైల్ చివర ‘మొత్తం స్లిప్పులు’, ‘మొత్తం నెట్’ అని ఒక ముగింపు వరుస రాయిస్తున్నాం. ఆఫీసులో ఎక్కించేటప్పుడు అది లేకపోయినా, లెక్క కలవకపోయినా ఫైల్ మొత్తం వెనక్కి పోతుంది, ‘సరిచూడడం-7’ అని మన సొంత నంబర్ వస్తుంది.